బస్సు దిగిన గుడ్లు

మొన్న ఒకాయన ప్లాస్టిక్ పెట్టె చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. చిరాగ్‌పల్లి మనిషి, చదువుకున్నవాడు. ఆ పెట్టె ముందు భాగంలో ఎర్ర అంకెలు వెలుగుతాయి. లోపల ఫ్యాను, గుడ్లను దానంతటదే తిప్పే చట్రం. మేలురకం కోడిగుడ్లు పన్నెండు పార్సిల్లో తెప్పించాడట. ఒక్క పిల్లా లేవలేదు.

"మిషన్ ఖరాబున్నది తాతా. వాపస్ జేస్త," అన్నాడు.

"గుడ్లు ఎప్పుడొచ్చినయి?"

"సోమారం పొద్దుగాల."

"పెట్టెల ఎప్పుడు పెట్టినవ్?"

"అప్పుడే. పార్సిల్ ఇప్పిన, పెట్టిన. లేటెందుకు జేస్త?"

నాకు ఒళ్ళు మండింది. మిషను ఏ తప్పూ చెయ్యలేదు. అంకెలను రోజుకు నలభైసార్లు చూసుకున్నాడు, గుడ్డును ఒక్కసారైనా చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూడలేదు. "వాపస్ చెయ్యాల్సింది మిషన్‌ను గాదు," అని మాత్రం అన్నాను. ఆయనకు కోపమొచ్చినట్టుంది, చాయ్ తాగకుండానే లేచిపోయాడు.

పోయిన తర్వాత ఆలోచించాను. ఆయన చేసిన తప్పే నేనూ చేశాను, డెబ్బైల చివర్లో. ఆయన తప్పుకు పన్నెండు గుడ్లు పోయాయి, అంతే. నా తప్పుకు మొగుడంపల్లి అంజమ్మను నలుగురిలో నిలబెట్టి దొంగ అన్నారు. అందుకే ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు గుడ్ల సంగతి తెలుసుకోవాలి. గుడ్ల సంగతి ఒక్కటే తెలుసుకుంటే చాలదని కూడా తెలుసుకోవాలి.

పెట్టె

జహీరాబాదులో నాది దీపాల దుకాణం. కందిళ్ళు, స్టవ్వులు, పెళ్ళిళ్ళకు కిరాయికిచ్చే గ్యాసులైట్లు బాగుచేసేవాణ్ణి. అందరూ మిస్త్రీ అనే పిలిచేవారు. నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది, అదీ ఉర్దూలో. తెలుగు దుకాణాల బోర్డులు చూసి నేర్చుకున్నాను. మరాఠీ లారీలవాళ్ళతో మాట్లాడి నేర్చుకున్నాను. ఆ లారీలవాళ్ళలోనే ఒకతను స్టవ్వు బాగుచేయించుకుని, నాకొక చిన్న మరాఠీ పుస్తకం ఇచ్చాడు. కోడి లేకుండా గుడ్లు పొదిగించడం ఎలాగో అందులో బొమ్మలతో సహా ఉంది.

దీపంతో పని అనేసరికి నాకు పట్టుదల వచ్చింది. చాయ్‌పత్తి వచ్చే చెక్కపెట్టెలు రెండు తెచ్చాను. ఒకదానిలో ఒకటి ఇమిడేలా కోసి, మధ్యలో రంపపుపొట్టు కూరాను. బయట గ్యాస్‌నూనెతో, అంటే కిరసనాయిలుతో వెలిగే దీపం, దాని వేడిని లోపలికి తీసుకుపోయే రేకు గొట్టం, అడుగున నీళ్ళ పళ్ళెం, పైన గాలికి రెండు కన్నాలు. అరవై గుడ్లు పట్టేది. వేడి ఎక్కువైతే వత్తి దించాలి, తక్కువైతే ఎత్తాలి. అంతా నా చేతి అంచనాతోనే.

వేడి కొలవడానికి సర్కారు దవాఖానలో కాంపౌండరు గౌస్ భాయిని బతిమాలి, జ్వరం చూసే కడ్డీ ఒకటి తెచ్చుకున్నాను. గుడ్ల మీద పెట్టాను. నూట రెండు చూపించింది. మరునాడు పొద్దున చూస్తే నూట రెండు. మధ్యాహ్నం నూట రెండు. నా అంత పనివాడు ఈ తాలూకాలో లేడని దుకాణానికొచ్చిన ప్రతివాడికీ చూపించాను. ఇరవై ఒక్క రోజులు గడిచాయి. ఇరవై అయిదో రోజు కూడా చూశాను. ఏమీ లేదు. గుడ్లు పగలగొడితే ఇంటిల్లిపాదీ బయటికి పరుగెత్తాం.

గౌస్ భాయి దగ్గరికి పోయి, నీ కడ్డీ మంచిది కాదని కొట్లాడాను. అతను సంగతంతా విని నవ్వు ఆపుకోలేక స్టూలు మీద కూలబడ్డాడు.

"అరె మియా, గది మనిషి బుఖార్ జూసేది. ఒక్కపారి ఎక్కితే దానంతట అది దిగది. ఝటకాయించి ఇదిలిస్తెనే దిగుతది. నీ గుడ్లు సల్లవడి సచ్చిపోయినా గది నూటరెండే జూపిస్తది!"

"గదేదో ముందే జెప్పొచ్చు గదా భాయ్!"

"నువ్వు గుడ్లకు బుఖార్ జూస్తవని నాకేం ఎరుక?"

ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు. చేతిలో ఉన్న వస్తువు ఏమి కొలుస్తుందో, ఎలా కొలుస్తుందో తెలియకుండా దాన్ని నమ్మడం మూర్ఖత్వం. ఎర్ర అంకెలవాళ్ళు ఈ ముక్క రెండుసార్లు చదవాలి. మంచి కడ్డీ ఒకటి హైదరాబాదు నుంచి తెప్పించుకున్నాక, మూడో విడతలో నా పెట్టెలో పిల్లలు లేచాయి. అవి మా పక్క వీధి గుడ్లు, చేత్తో పట్టుకొచ్చినవి. ఈ విషయం గుర్తుపెట్టుకోండి. దగ్గర్నుంచి వచ్చిన గుడ్లు బాగానే లేచేవి.

ప్రయాణం చేసిన గుడ్డు

తర్వాత జనం దూరం నుంచి గుడ్లు తెప్పించడం మొదలుపెట్టారు. పెద్ద కోళ్ళు కావాలి, ఎక్కువ గుడ్లు పెట్టే కోళ్ళు కావాలి. పటాన్‌చెరువు దాటి ఎక్కడో ఉన్న కోళ్ళఫారం నుంచి గంపలో ఊక పోసి, గుడ్లు సర్ది, బస్సు టాపు మీద వేసి పంపేవారు. ఆనాటి బొంబాయి రోడ్డు ఎలా ఉండేదో ఇప్పటివాళ్ళకు చెప్పినా తెలియదు. గుంతలో పడి లేచిన ప్రతిసారీ టాపు మీది సామాను జానెడు ఎగిరేది. ఇక్కడ బస్టాండులో హమాలీ గంపను పైనుంచి జారవిడిచేవాడు. "గుడ్లురా అయ్యా!" అని మనం మొత్తుకుంటే, "పగల్లే గదా, ఏడుస్తవెందుకు?" అనేవాడు.

పగలలేదు, నిజమే. పెంకు పగలకుండా గుడ్డు లోపల పాడవుతుందని వాడికి తెలియదు, పంపే ఫారంవాడికి పట్టదు. కోపం నాకు హమాలీ మీద కాదు. గుడ్లు పెట్టించి, ఏరి, అమ్ముకునేవాడికి అవి దారిలో ఏమవుతాయో తెలియకపోతే ఎలా? నా మరాఠీ పుస్తకంలోనూ దాని గురించి ఒక్క ముక్క లేదు. రాసినాయన ఇంట్లో కోళ్ళున్నాయి. బస్సెక్కిన గుడ్డును ఆయన జన్మలో చూసి ఉండడు.

నేను చూశాను. రేకు డబ్బాకు రూపాయి బిళ్ళంత కన్నం చేసి, లోపల కందిలి పెట్టి, ఆ కన్నానికి గుడ్డును ఆనిస్తే లోపలిదంతా కనిపిస్తుంది. గుడ్డు లావు వైపు చివర గాలి అర ఉంటుంది. మంచి గుడ్డులో అది టోపీలా ఉన్నచోటే ఉంటుంది. బస్సు దిగిన గుడ్లలో మాత్రం, గుడ్డును వంచితే ఆ అర కూడా వంగిన వైపు జారేది. సీసాలో నీళ్ళు సగం పోసి వంచితే గాలిబుడగ పరుగెత్తినట్టు. అది జారే గుడ్డును నేను, పొదిగే కోడి తిప్పినట్టే, రోజుకు మూడుసార్లు అటూ ఇటూ తిప్పుతున్నాను! అందులో ప్రాణం పోసుకుంటున్న చుక్క ఎక్కడ నిలబడుతుంది?

దీనికి మందు నాకు అనుకోకుండా దొరికింది. ఒకసారి గుడ్లు వచ్చిన రోజే బీదరులో మా మేనమామ పోయాడని కబురొచ్చింది. గుడ్లను సన్న కొస కిందికి ఉండేలా ఊకలో నిలబెట్టి, చల్లని మూలలో వదిలేసి పోయాము. ఒకటిన్నర రోజు తర్వాత వచ్చి పెట్టెలో పెట్టాను. కందిలికి ఆనించి చూస్తే సగానికి పైగా గుడ్లలో గాలి అర తన చోటికి తాను వచ్చి కూర్చుంది. ఆ విడతలో లేచినన్ని పిల్లలు అంతకుముందు బస్సు గుడ్లలో ఎప్పుడూ లేవలేదు.

అప్పుడే నాకు విషయం తెలిసింది. తెలిసింది కానీ గట్టిగా పట్టుకోలేదు. ఒక్కసారే గదా, ఏదో కలిసొచ్చిందేమో అనుకున్నాను. తెలిసిన సంగతి మీద నిలబడే ధైర్యం వేరు. అది నాకు లేదని తొందరలోనే తేలింది.

అంజమ్మ గుడ్లు

అంజమ్మది మొగుడంపల్లి. భర్త లేడు. ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి గుడ్లు సేకరించి, గంప నెత్తిన పెట్టుకుని జహీరాబాదు అంగడికి తెచ్చి అమ్మేది. ఎవరి గుడ్లు ఎన్నో ఆమె కాగితం మీద రాసుకున్నది లేదు, ఎవరూ అడిగిందీ లేదు. ఊరంతా ఆమెను నమ్మింది, ఆ నమ్మకం మీదే ఆమె బతికింది. నన్ను అన్నా అనేది. దీపం గాజు పగిలితే నా దగ్గరికే వచ్చేది.

ఆ ఏడు కొక్కెర రోగం వచ్చి ఊళ్ళో కోళ్ళు సగం పోయాయి. అంజమ్మవి అన్నీ పోయాయి. అదే సమయంలో సర్కారు పథకం ఒకటొచ్చింది. మేలురకం గుడ్లు నలభై ఇస్తారు, పొదిగించుకుని పిల్లలను పెంచుకోవాలి. ఆ లిస్టులో అంజమ్మ పేరు ఎక్కింది. ఆ పథకం చూసే ఆఫీసరును మేము కోళ్ళ సారు అనేవాళ్ళం. పొదిగించే పని నా పెట్టెకు ఇచ్చాడు.

"ఈ విడత బాగా వస్తే తాలూకా మొత్తం గుడ్లు నీకే మిస్త్రీ," అన్నాడు. నేను ఆ మాటకే ఉబ్బిపోయాను.

గుడ్లు వచ్చే రోజు అంజమ్మ పొద్దుటినుంచీ బస్టాండులో కూర్చుంది. మధ్యాహ్నం బస్సు దిగిన గంపను తానే నెత్తిన పెట్టుకుని దుకాణానికి తెచ్చింది.

"ఇగో అన్నా. లెక్క జూస్కో. నలభై."

నేను ఒకటి తీసి కందిలికి ఆనించాను. గాలి అర జారుతోంది. ఇంకొకటి. అదీ అంతే.

"జర ఆగుదాం చెల్లె. రేపు మాపు పెడ్త."

"రేపా! రేపు అమాస అన్నా! అమాస నాడు పొదుగేస్తరా ఎవరన్న? ఇయ్యాల్నే పెట్టు."

"ఎల్లుండి పెడ్త."

"అప్పటిదాంక గుడ్లు పాడైతె? మా అవ్వ ఎన్నడు గిట్ల జెయ్యలే. గుడ్డు సేతికొస్తె కోడి కిందికే."

మా వైపు పొదుగు వేసేటప్పుడు దినం చూస్తారు. అమావాస్య కూడదు. అది ఆమె తప్పు కాదు, ఆమె తల్లి తప్పూ కాదు. వాళ్ళ గుడ్లు ఎన్నడూ బస్సెక్కలేదు. పెరట్లో కోడి పెట్టిన గుడ్డుకు విశ్రాంతి ఎందుకు?

ఇంతలో కోళ్ళ సారు స్కూటరు మీద వచ్చాడు. సంగతి విని గడియారం చూసుకున్నాడు.

"ఇవాళే పెట్టు. సరిగ్గా ఇరవై ఒకటో రోజు మా పెద్దసారు క్యాంపు. పిల్లలను చూపించాలి."

"సార్, గుడ్లు బస్సు మీద అదిరినయి. ఒక దినం ఆగితే..."

"నేను చదువుకుంది ఇదే మిస్త్రీ. నువ్వు నాకు చెప్తావా?"

అంతే. నేను ఏ వైపు తిప్పానో తెలియడానికి గుడ్లకు ఒకవైపు బొగ్గుతో గీత, ఇంకోవైపు సున్నా పెట్టి, గంట తిరక్కుండానే పెట్టెలో వరసగా పేర్చాను. సాయంత్రం మొదటిసారి తిప్పాను కూడా. చేతికి తెలుసు, తప్పు చేస్తున్నానని. అయినా తిప్పాను.

ఏడో రోజు కందిలి ముందు పెట్టి చూశాను. బతికిన గుడ్డులో సాలెగూడులా సన్నని ఎర్ర నరాలు కనబడాలి. చచ్చిన దాంట్లో నరాలు వెనక్కి పోయి, ఒక నెత్తుటి ఉంగరం మిగులుతుంది. నలభైలో ముప్పైకి పైగా ఉంగరాలే. అంటే అవి మంచి గుడ్లే, పుంజు కలిసిన గుడ్లే. ప్రాణం మొదలై, మూడు నాలుగు రోజులకు పోయింది. నేను ఎవరికీ చెప్పలేదు. మిగిలిన వాటిమీద ఆశ పెట్టుకున్నాను. చివరిదాకా పెరిగినవి రెండే. ఆ రెండూ పెంకు పొడవకుండానే లోపలే చచ్చిపోయాయి.

సారు మాట

ఇరవై ఒకటో రోజు పెద్దసారు, కోళ్ళ సారు, ఇద్దరు గుమాస్తాలు వచ్చారు. మొగుడంపల్లి నుంచి అంజమ్మతోపాటు చూడ్డానికి పది మంది వచ్చారు. పెట్టె తలుపు తీశాను. ఒక్క పిల్ల కూడా లేదు.

పెద్దసారు కోళ్ళ సారు వైపు చూశాడు. కోళ్ళ సారు ముఖం ఎర్రబడింది. నావైపు చూడలేదు. అంజమ్మ వైపు తిరిగాడు.

"బస్టాండు నుంచి ఇక్కడిదాకా గంప ఎవరు తెచ్చారు?"

"నేనే సారూ."

"వెంట ఎవరున్నారు?"

"ఎవరుంటరు సారూ? ఒక్కదాన్నే తెచ్చిన."

"అదీ సంగతి! ఫారం గుడ్లు అమ్ముకుని, అంగడిలో తినే గుడ్లు కొని పెట్టావు. వాటికి పుంజే ఉండదు, పిల్లలెట్లా వస్తాయి? సర్కారు సొమ్ము దొంగతనం చేస్తావా?"

"సారూ! నా పిల్లల మీద ఒట్టు. నాకేం ఎరుక లేదు సారూ. అన్నా, నువ్వు జెప్పు. ఆ గుడ్లే గదా? నువ్వు జూసినవ్ గదా?"

అందరూ నావైపు తిరిగారు.

తెరిచిన పెట్టెలో నలభై గుడ్లు ఉన్నాయి. ఒక్కటి, ఒకే ఒక్కటి పగలగొట్టి చూపిస్తే చాలు. లోపల చచ్చిన పిండం కనిపించేది. తినే గుడ్డులో పిండం ఉండదని ఆ పది మందికీ తెలుసు. ఆమె మీది మచ్చ ఆ క్షణమే పోయేది. కానీ అప్పుడు రెండో ప్రశ్న వచ్చేది. మంచి గుడ్లయితే ఎవరు చంపారు? తాలూకా మొత్తం గుడ్లు నీకే అన్న మాట నా చెవిలో ఇంకా ఉంది.

"నాకేం తెల్వది సార్. గంపల వచ్చినయి, పెట్టిన," అన్నాను.

అంజమ్మ నావైపే చూసింది. ఆ చూపు నాకింకా గుర్తుంది. లిస్టులోంచి ఆమె పేరు కొట్టేశారు. గుడ్లను పెంటలో పారబోయించారు. నేనే పారబోశాను.

ఆ సారు మీద నాకు ఈ రోజుకీ కోపమే. తాను తొందరపెట్టి, పాడైన తర్వాత పక్కన దిక్కులేని ఆడమనిషి ఎవరున్నారా అని వెతుక్కున్నాడు. ఉద్యోగంలో ఇటువంటివాళ్ళు మీకు ప్రతిచోటా తగులుతారు. కానీ అతని పని అతను చేసుకున్నాడు, నోరు పడిపోయింది మాత్రం నాకు.

రుజువు అనే సాకు

రెండు మూడు వారపు అంగళ్ళకు అంజమ్మ కనబడలేదు. ఒకరోజు మా ఇంటావిడ మల్లమ్మ కూరగాయలు తెచ్చి గుమ్మంలో దించుతూనే మొదలుపెట్టింది.

"అంజమ్మకు ఊర్ల ఎవరు గుడ్లు ఇస్తలేరట. సర్కారునే ముంచింది, మనల ముంచదా అంటున్నరట. ఇంటి ముంగట పిల్లలు గుడ్లదొంగ అని ఒర్లుతున్నరట. కూలికి పోతున్నది పాపం."

నేను వత్తి కత్తిరిస్తూ తల ఎత్తలేదు.

"నీకు ఇనొస్తలేదా? ఆ గుడ్లల్ల నెత్తురు ఉన్నదని నాకు జెప్పినవ్. ఆడ జెప్పనీకి నోట్లె ఏం బెట్టుకున్నవ్?"

"రుజువు లేక జెప్తె ఎవరు నమ్ముతరే?"

"రుజువు పెంటల వోసినవ్ గదా, నీ సేతుల్తోని!"

అయినా నేను రుజువే పట్టుకున్నాను. అదే ఫారం నుంచి నలభై గుడ్లు సొంతంగా తెప్పించాను, అదే బస్సు టాపు మీద. ఇరవై గుడ్లు దిగీదిగగానే పెట్టెలో పెట్టి తిప్పాను. ఇరవై గుడ్లు సన్న కొస కిందికి పెట్టి ఒక పగలు, ఒక రాత్రి ఊకలో నిలబెట్టి, తర్వాత పెట్టాను. మొదటి మూడు రోజులు వాటిని ముట్టుకోలేదు. పద్దెనిమిదో రోజు నుంచి రెండు రకాలూ తిప్పడం మానేశాను. మొదటి ఇరవైలో నాలుగు లేచాయి. రెండో ఇరవైలో పదమూడు.

పని నేర్చుకునేవాళ్ళకు ఇక్కడితో పాఠం అయిపోయింది. దూరం నుంచి వచ్చిన గుడ్డును దింపగానే వేడిలో పెట్టకండి. ఒక రోజు నిలబెట్టండి. గాలి అర కుదురుకోని దాన్ని తిప్పకండి. తిప్పే చట్రం ఉన్న మిషనయితే మొదటి రోజులు ఆ మీట ఆపండి. దినం చూసేవాళ్ళింటి గుడ్లయితే, మంచి దినానికి ఒక రోజు ముందే తెప్పించుకోమని చెప్పండి. వాళ్ళ నమ్మకమూ నిలుస్తుంది, గుడ్డూ నిలుస్తుంది. ఇంత తేలిక.

కానీ ఆ రుజువుకు ఇంకో నెల పట్టింది. ఆ నెలంతా ఒక మనిషి చెయ్యని దొంగతనం మోసింది. నిజం చెప్పడానికి నాకు రుజువు అవసరం లేదు, నోరుంటే చాలు. రుజువు దొరికేదాకా ఆగుతానన్నది పిరికివాడి సాకు.

లేచిన పిల్లలను తీసుకుని కోళ్ళ సారు ఆఫీసుకు పోయాను. ఉన్నదంతా చెప్పాను. ఆయన ఫైలు మూసి నవ్వాడు.

"గుడ్లు మార్చినట్టు రాసి పంపేశాం. ఇప్పుడు మేమే తప్పు రాశామని రాసుకోవాలా? నీకు పని కావాలా, వద్దా?"

"వద్దు సార్," అన్నాను. అంత ఆలస్యంగా అనడంలో గొప్పేమీ లేదు.

మొగుడంపల్లిలో

పదిహేడు పిల్లలను మూత గంపలో పెట్టుకుని మొగుడంపల్లి బస్సెక్కాను. అంజమ్మ ఇంటి ముందర జొన్నలు చెరుగుతోంది. నన్ను చూసి లేవలేదు.

"పిల్లలు తెచ్చిన చెల్లె. అవే ఫారం గుడ్లవి. తప్పు నీది గాదు. గుడ్లు బస్సుల అదిరినయి, ఒక దినం ఆగకుండ పెట్టుడు తప్పు. నువ్వు గూడ అమాస అని తొందరవెడ్తివి..."

చేట ఆగింది.

"తొందరవెట్టిన. నాకు తెల్వక తొందరవెట్టిన. నీకు ఎరుకుండి ఎందుకు పెట్టినవ్ మిస్త్రీ?"

అన్నా అనే మనిషి మిస్త్రీ అంది. నేను గంప ముందుకు జరిపాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"నాకు జెప్తె ఏమొస్తది? నేను దొంగను గానని నాకు ఎరుకే. ఊర్ల జెప్పు."

చాయ్ హోటల్ ముందు ఆ వేళకు ఊరి మగవాళ్ళు పదిహేను మంది దాకా ఉన్నారు. ఆ రోజు నా దుకాణానికి వచ్చినవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. పాలు పోయడానికి వచ్చిన ఆడవాళ్ళు కూడా ఆగారు. అంజమ్మ కొంచెం ఎడంగా, కొంగు నడుముకు చుట్టి నిలబడింది. గంప అరుగు మీద పెట్టి నేను చెప్పాను. గుడ్లు మార్చలేదని, అవి మంచి గుడ్లేనని, బస్సు దెబ్బకు గాలి అర జారిందని, నేను ఆగకుండా పెట్టి తిప్పానని, చేతులు తిప్పి మరీ వివరంగా చెప్పాను.

ఒక ముసలాయన బీడీ తీసి అడిగాడు. "అయితే తప్పు నీదా, బస్సుదా?"

"బస్సు డ్రైవర్‌ను గూడ పిలువున్రి, పంచాయితీ జేద్దాం!" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బరువు దిగినట్టనిపించి, గంప అందుకోబోయాను.

అంజమ్మ నవ్వలేదు.

"సగమే జెప్పినవ్," అంది.

"ఇంకేమున్నది చెల్లె?"

"గుడ్ల సంగతి జెప్పినవ్. సారు నన్ను దొంగ అన్ననాడు, నేను నిన్ను అడిగిన నాడు, నువ్వేమన్నవో అది జెప్పలే."

నవ్వులు ఆగిపోయాయి. బీడీ ముసలాయన కూడా నావైపే చూస్తున్నాడు. అప్పటికి నేను ఈ పనిలో చాలా చూశాను. అరవై గుడ్లు కుళ్ళిన వాసన చూశాను, పెంకులోనే చచ్చిన పిల్లలను చూశాను. ఆ అరుగు దగ్గర నిలబడినంత కష్టం ఎప్పుడూ పడలేదు.

చెప్పాను. ఏడో రోజే గుడ్లలో నెత్తురు చూశానని. ఒక్క గుడ్డు పగలగొడితే ఆమె మాట నిలిచేదని. నాకు తెలుసని. పని పోతుందని భయపడి, నాకేం తెల్వదు అన్నానని. ఆమె నన్ను అన్నా అని పిలిచి అడిగినప్పుడే ఆ మాట అన్నానని.

ఎవరూ నవ్వలేదు. పాలచెంబు పట్టుకున్న ఒకామె అంజమ్మ పక్కకు పోయి నిలబడింది. తర్వాత ఇంకొకామె.

అంజమ్మ అరుగు దగ్గరికి వచ్చింది. గంప మూత ఎత్తి, ఒక్కో పిల్లనూ తీసి, తిప్పి చూసి, కొంగులో వేసుకుంది. పదిహేడూ అయ్యాక ఖాళీ గంప నా చేతిలో పెట్టింది.

"ఇగ పో. బస్సుకు యాళ్లయింది," అంది.